ఆముదం మీద అతికించిన పట్టీలు

ఎనభైల్లో మా తమ్ముడు సంగప్పను హైదరాబాద్ పెద్ద దవాఖానకు తీసుకుపోయాను. కడుపులో గడ్డ. కోసి తీయకపోతే బతకడని జహీరాబాద్ డాక్టర్ తేల్చేశాడు. నాకు చదువు అంతంతమాత్రం. అయినా రాస్తున్నాను, ఎందుకంటే మీరూ ఎప్పుడో ఎవరినో అట్లాగే తీసుకుపోతారు.

మా ఊరు న్యాల్‌కల్ దగ్గర. బయలుదేరే ముందు సంగప్ప భార్య, మా మరదలు నాగమ్మ అతని మెడకు, రొమ్ముకు ఆముదం దట్టంగా పట్టించింది. కత్తి కిందికి పోయే మనిషిని పొడి ఒంటితో పంపకూడదని వాళ్ల పుట్టింటి పద్ధతి. ముగ్గురం జహీరాబాద్ వచ్చి, పొద్దున్నే హైదరాబాద్ బస్సెక్కాం. సదాశివపేట, సంగారెడ్డి మీదుగా మూడు గంటలకు పైనే పట్టింది. అప్పటి టికెట్ ధర ఇప్పుడు చెప్పి లాభం లేదు. కండక్టర్ ముక్కు మూసుకుని, "ఏం పెద్దాయనా, తమ్మున్ని ఆముదంల ఊరబెట్టి తెస్తున్నవా?" అన్నాడు. బస్సంతా నవ్వింది. సంగప్ప కూడా నవ్వాడు.

మధ్యాహ్నం దవాఖానలో ఒక కుర్ర డాక్టర్ కొత్త మిషన్ తెచ్చాడు. సూది గుచ్చకుండానే గుండె ఎంత రక్తం తోస్తుందో చెబుతుందట. మెడ చుట్టూ, రొమ్ము చుట్టూ పట్టీలు అంటించాడు. ఒళ్లు తుడవలేదు. తన వేళ్లు మాత్రం తెల్లకోటుకు తుడుచుకున్నాడు. అంకె చూసి పెదవి విరిచాడు. గుండెకు సగం బలమే ఉంది, మత్తుకు తట్టుకోదు, ఆపరేషన్ లేదు, ఇంటికి తీసుకుపో అన్నాడు.

ఇంటికి అంటే చావుకే. నాకు ఒళ్లు మండింది. "మొన్నటిదాక చెరుకు మోపులు మోసిండు. గుండె లేనోడు మోస్తడా సారూ? మల్ల చూడున్రి" అన్నాను. మిషన్ కంటే నీకెక్కువ తెలుసా అన్నాడు. నా తమ్ముడి సంగతి నాకే ఎక్కువ తెలుసు అని అక్కడే నేల మీద కూర్చున్నాను. లేపడానికి వచ్చిన వార్డు మనిషినీ తిట్టాను.

ఆ గొడవకు పెద్ద డాక్టరమ్మ వచ్చింది. మెడ నరంలోంచి గుండె దాకా సన్నటి గొట్టం పంపి కొలవొచ్చు, కొంత ప్రమాదముంది కానీ ఆ లెక్క నమ్మదగిందని చెప్పింది. మేం సరేనంటేనే చేసింది. గుండె బాగానే ఉంది. మరి అంత తేడా ఎందుకని ఆమె పట్టీ పట్టుకుంటే, అది చేతిలోకి జారి వచ్చింది. వేలు వాసన చూసింది.

కుర్ర డాక్టర్ నాగమ్మ మీద లేచాడు, నూనె సంగతి ముందే చెప్పొద్దా అని. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. సంగప్ప పడుకున్న చోటి నుంచే, "నా ఒంటి మీద చెయ్యి పెట్టింది మీరే కద సారూ. జారలేదా?" అన్నాడు.

మరునాడు గడ్డ తీశారు.

మిషన్ మీద నాకు కోపం లేదు. దానికి తగిలింది తమ్ముడి ఒళ్లు కాదు, ఆముదం. కానీ ఆ మనిషి తన చేతికంటిన జిడ్డును తుడిచేసుకుని అంకెను నమ్మాడు చూడండి, అది ఇప్పటికీ మింగుడు పడదు. అతను చెప్పినట్టు నేను వినేవాణ్నయితే ఆ సాయంత్రం బస్సుకే తమ్ముణ్ని చావుకు తెచ్చేవాణ్ని.

ఒక్క మాట గుర్తుంచుకోండి: ఆపరేషన్‌కు తీసుకుపోయే మనిషికి సబ్బుతో ఒళ్లు కడిగించండి. ఆముదం తిరిగొచ్చాక పెట్టుకోవచ్చు. నాగమ్మ పెట్టింది.