ఎరుపు తగ్గాక వేసే దెబ్బ

విశాఖలో నేను పనిచేసే చోట ఉక్కు పలకల్ని ఎర్రగా కాల్చి సాగదీస్తాం. ఆఖరి ఒత్తిడి మాత్రం వేడి కాస్త తగ్గాకే ఇస్తాం. అప్పుడే లోపలి రేణువులు సన్నగా నిలిచి ఉక్కు గట్టిపడుతుంది. ఇదే పని తమిళనాడులోని రాజపాళయంలో ఒకావిడ సుత్తి మిషను మీద చేస్తారని తెలిసి సెలవు పెట్టి బయల్దేరాను. మదురై నుంచి బస్సులో రెండున్నర గంటలు, అక్కణ్ణించి తళవాయిపురం దారిలో షేర్ ఆటోకి ఇరవై రూపాయలు. "నూలు మిల్లు దాటినాక దిగండక్కా, సుత్తి సత్తం వినబడ్తాది," అన్నాడు డ్రైవరు, నా తెలుగు విని తెగ సంబరపడిపోతూ. తరాల కిందట అక్కడ స్థిరపడిన తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు.

ఆవిడే పద్మావతి గారు. డిప్లొమా చదివారు. పత్తి నుంచి గింజ విడదీసే యంత్రాలకు కత్తులు చేస్తారు. ఈమధ్య ఒక పత్తి మిల్లుకు పంపినవి రెండుసార్లు విరిగాయట. ఆ సాయంత్రంలోగా విరగని కత్తి ఇవ్వకపోతే ఆ మిల్లు చేజారుతుంది. ఆవిడకు ఇంకో మిల్లు లేదు. ఆ రకం ఉక్కు రెండు ముక్కలే మిగిలాయి. ఇవేవీ తెలియని నేను గుమ్మంలో నిలబడి నమస్కారం పెట్టాను.

అంతే. తెలుగు మనిషి వెతుక్కుంటూ వస్తే నిలబెట్టి పని చేసుకోవడం వాళ్ల ఇంటావంటా లేదు. కొలిమిలో ముక్క వదిలేసి కుర్చీ వేశారు, నీళ్లిచ్చారు. "సాపాటు అయినాదా? ఇంటికి రాకుండా పొయ్యేదే లేదు." తిరిగి చూసేసరికి ముక్క తెల్లగా మండి రవ్వలు రాలుస్తోంది. విరిస్తే లోపలంతా పంచదార పలుకుల్లా మెరుపు. అలా మాడిన ఉక్కు ఇక దేనికీ పనికిరాదు. నాకు తల కొట్టేసినట్టయింది.

"నా వల్లే కదండీ," అన్నాను.

"వచ్చినవాళ్లని పలకరించకుండా ఎట్లా? ఇంకొకటి ఉండాదిలే," అన్నారు, మిగిలిన ఆ ఒక్క ముక్కనీ చేతిలోకి తీసుకుంటూ.

రెండో ముక్క పెట్టాక ఆవిడ నా వైపు చూడలేదు. నారింజ రంగులో ఉండగా సాగదీసి, ఆగారు. వేడి చూసే మీటరు ఎత్తి పట్టుకుని అలాగే నిలబడ్డారు. మా దగ్గర ఆ వేడి దించి సరిచూడటానికి నీటి జల్లులు, కంప్యూటర్లు ఉన్నాయి. ఆవిడ నిబ్బరం చూస్తే మాత్రం దండం పెట్టాలనిపించింది. ఎరుపు మందగించాక గబగబా ఆఖరి దెబ్బలు వేశారు. నూనెలో ముంచి, కొసన మిగిలిన ముక్కను విరిచి నా చేతిలో పెట్టారు. "మీరే చెప్పండి."

మెత్తని బూడిద రంగు. ఎక్కడా మెరుపు లేదు. "రేణువు సన్నంగా ఉందండీ," అన్నాను. ఆవిడ కళ్లు తుడుచుకున్నారు, నేనూ తుడుచుకున్నాను. పెళుసు తగ్గేందుకు సన్నని సెగ మీద మళ్లీ కాచిన ఆ కత్తిని సాయంత్రం మిల్లులో బిగించారు. ఎంతసేపు తిరిగినా విరగలేదు. "అన్ని మిషన్లకీ పంపండమ్మా," అన్నాడు సూపర్‌వైజరు.

తిరుగు బస్సులో ఆవిడ ఆగిన ఆ కాసేపే గుర్తొస్తూ ఉంది. సర్వం పోయే వేళ అలా ఆగడం నా వల్ల అయ్యేది కాదు. మీరు వెళ్లాలనుకుంటే మధ్యాహ్నం కొలిమి ఆర్పిన వేళకే వెళ్లండి. గుమ్మంలో తెలుగు మాట వినబడితే చాలు, లోపల ఏం కాలుతున్నా ఆవిడ లేచి వచ్చేస్తారు.