చిన్నాన్న ఎదురుచూసిన సాక్షి

మా చిన్నాన్న అప్పలసూరి గారు దివంగతులైన వార్త సిద్ధగోరాలోని మా ఇంటికి ఫోనులో వచ్చింది. అప్పుడు పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. పొయ్యి కట్టేశాను, చెప్పులు వేసుకున్నాను, చిన్నాన్న ఉండే అగ్రికోకి ఆటో ఎక్కాను. ఆయన పార్థివదేహాన్ని చూసినా ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు. నాలుగు మాటలు రాయమని తెలుగు సంఘంవారు అడిగితే, రాస్తేనైనా లోపల గడ్డకట్టింది కరుగుతుందేమోనని కూర్చున్నాను.

అప్పటి బీహారులోని ఈ ఊరి ఉక్కు కర్మాగారంలో జీవితమంతా శ్రమించిన ఆ ధన్యజీవిని ఇక్కడి తెలుగువారు ఒకే ఒక్క కథతో గుర్తుపెట్టుకున్నారు. ఎమర్జెన్సీ రోజుల్లో, పోలీసులు గాలిస్తున్న ఒక ప్రతిపక్ష నాయకుణ్ణి తన క్వార్టర్లో దాచానని ఆయన చెప్పేవారు. అందరూ విన్నారు, నమ్మినవారు లేరు. "జరిగినాదని బయటోడు ఒక్కడు సెప్తే సాలు, నాకింకేటీ వద్దు" అనేవారు. ఆయన చిరకాల కాంక్ష అంతే.

ఆ నాయకుడు ఉత్తర బీహారువాడు, తెలుగు ముక్క రాదు. అది కార్తీకమాసం గనుక, పర్లాకిమిడి నుంచి తన మేనమామ వచ్చాడని, మౌనవ్రతంలో ఉన్నాడని చిన్నాన్న ఇరుగుపొరుగుకి చెప్పారు. అక్కచెల్లెళ్ల చేతి వంట అన్నదమ్ములు తినే భగినీ హస్త భోజనం నాడు, మా నాయనమ్మ ఆ 'తమ్ముడి'కి వడ్డిస్తుండగా పోలీసు దారోగా వచ్చాడు. లోపలున్నది నిజంగా తెలుగువాడేనా అని తేల్చడానికి కర్మాగారం గేటు దగ్గర పనిచేసే ఒక తెలుగు గార్డును వెంటబెట్టుకొచ్చాడు. అతణ్ణి లోపలికి పంపి, తాను వరండాలో నిలబడ్డాడు.

ఆ పండుగ పూట గడప తొక్కిన మగవాణ్ణి తినకుండా పంపడం నాయనమ్మకు చేతకాదు. "ఈయేళ తమ్ముడు తినకుండా ఎల్లకూడదు బాబూ, కూకో" అని గార్డుకూ విస్తరి వేసింది. అతను తలొంచుకుని తిని, చెయ్యి కడుక్కుని, బయటికి వెళ్లి "హమారే హీ ఆద్మీ హై, సాబ్" అని, మావాడేనని చెప్పాడు. దారోగా జీపెక్కి వెళ్లిపోయాడు. "మౌనం ఐడియా ఎవుడిది? నాదే" అని, కథ ఇక్కడికొచ్చేసరికి, చిన్నాన్న మీసం దువ్వుకునేవారు.

మీది ఆ పార్టీ కూడా కాదు కదా, ఎందుకంత సాహసమని ఒకసారి అడిగాను. "మనిసి ఇంటికొత్తే నీదే పార్టీ అని అడుగుతామేటి? తిన్నావా అని అడుగుతాం" అన్నారు.

తర్వాత ఎవరూ ఊహించనిది జరిగింది. ఎన్నికలొచ్చాయి, తిరుగులేదనుకున్న ప్రభుత్వం కూలింది, పరారీలో ఉన్నవాడు మంత్రి అయ్యాడు. మంత్రిగా మా ఊరి సభకు వచ్చినపుడు చిన్నాన్న దండ పట్టుకుని ఎదురెళ్లారు. మంత్రి ఎగాదిగా చూసి "ఆప్ కౌన్?" అని, మీరెవరన్నట్టు, ముందుకు నడిచాడు. తెలిసినవాళ్లంతా చూశారు. ఆనాటి నుంచి "ఏటి సూరీ, మంత్రి మావయ్య కులాసాయేనా" అని వెక్కిరింపులు. నాకు ఒళ్లు మండిపోయేది. ఆయన మాత్రం కోపగించుకోకుండా కథ మళ్లీ మొదటినుంచి చెప్పేవారు.

ఏటా ఆ పండుగనాడు నాయనమ్మ ఒక విస్తరి ఎక్కువ వేసేది. ఆమె గతించాక చిన్నాన్న ఆ ఆచారం వదల్లేదు. అది మంత్రి కోసమేనని ఆయన అనుకునేవారు. "ఆడు మరిసిపోనాడు, నేను మరిసిపోనేదు" అనేవారు.

మొన్న దినకార్యం భోజనాలకు ఈ ఊళ్లోనే ఉన్న భుయ్యాడీహ్ నుంచి ఒక వృద్ధుడు మనవడి చెయ్యి పట్టుకుని వచ్చాడు. గోడ మీది ఫోటోకు దండం పెట్టి, "ఆనాడు దారోగాతో వచ్చిన గార్డుని నేనేనమ్మా" అన్నాడు.

ఇన్నాళ్లూ ఏమయ్యారని నిలదీశాను.

"దారోగాకి అబద్ధం సెప్పినోణ్ణి కదా, కొలువు పోద్దని బయం. తరవాత గనులకాడికి ఏసీసినారు, అక్కడే ఉండిపోనాను. కొడుకింటికొచ్చి నెల కాలేదు. మీ సిన్నాన్న పోనాడని నిన్ననే తెలిసినాది."

అయితే మా చిన్నాన్న మౌనవ్రతం ఎత్తు మీ మీద పారిందన్నమాట, అన్నాను.

"నేదమ్మా. తొలిముద్దకే పట్టీసినాను. ఆ మనిసి పప్పన్నంలో పెరుగు పోసీసుకున్నాడు. మనోడెవుడైనా అలా తింటాడేటి? మీ నాయనమ్మ సెయ్యి గరిట మీదే ఆగిపోనాది. నాకేసి సూసినాది. నేను తలొంచుకుని తినీసినాను. తమ్ముడూ అని కూకోబెట్టినాక ఎలా సెప్తాను?"

"దాదా, చలియే న" అని మనవడు పోదాం పదమని తొందరపెట్టాడు. కూర్చోమన్నాను.

నాయనమ్మ ఆ సంగతి కొడుకుతో ఎన్నడూ అనలేదు. తన తెలివే గట్టెక్కించిందని ఆయన్ను సంతోషంగా బతకనిచ్చింది. ఆ ఎక్కువ విస్తరి ఎవరి పేరిట వేసేదో నాకు ఇప్పుడు తెలిసింది. చిన్నాన్న చెవిన వేద్దామంటే ఆయన లేరు. ఒక్క నెల ఆగి ఉండకూడదా అని ఆ మహానుభావుడి మీద కోపం వస్తోంది. అది తప్ప ఏమీ రావడం లేదు.

ఆయన ఫోటో ఎదురుగా ఆ ముసలాయనకు విస్తరి వేసి నేనే వడ్డించాను. పప్పు తిన్నాడు, కూర తిన్నాడు, చివరకు పెరుగు పోయించుకున్నాడు. పుణ్యలోకవాసీ, నీ పాదాలకు నమస్కారం. చిన్నాన్నా, బయటివాడు ఒకడు వచ్చి చెప్పాడు. జరిగిందట.