చిచ్చుబుడ్డిని దింపండి

ఇన్నేళ్ళుగా నేను మోస్తున్నది ఒక మోకాలి బరువు. నా మోకాలు కాదు. రత్నానిది.

మీరెవరో నాకు తెలీదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళకి చెబితే "పోనీలే, చిన్నతనం" అంటారు, లేదా మాట్లాడటం మానేస్తారు. నాకు ఆ రెండూ వద్దు. వినండి, చాలు. ఓదార్చడానికి మాత్రం రాకండి.

విశాఖ గాజువాకలో డిగ్రీ చదివేదాన్ని. మాది గోదావరి వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. నాన్నకి పోర్టులో పని. కాలేజీ ఆడపిల్లల కబడ్డీ టీంలో నేను రిజర్వు రైడర్ని. అంటే బెంచీ మీద కూర్చునేదాన్ని. కూతకెళ్ళి పాయింట్లు తెచ్చేది నూకరత్నం. వాళ్ళ అమ్మ ఫిషింగ్ హార్బర్లో తెల్లారకముందే వేలంలో చేపలు కొని, వన్ టౌన్ సందుల్లో అమ్మేది. అమ్మతోపాటు ఆ చేపల గంపలు మోసీ మోసీ వచ్చిన బలమో ఏమో, రత్నాన్ని ఇద్దరు పట్టుకున్నా ఈడ్చుకుంటూ మధ్యగీత దాకా వచ్చేసేది. స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వస్తుందని దాని ఆశ. ఆశేంటి, లెక్క. ఆ లెక్క తప్పేది కాదు కూడా.

ఇక నా సంగతి. ఒక లీగ్ మ్యాచ్‌లో రత్నానికి పిక్కలు పట్టేస్తే, చివర్లో మా కోచ్ సార్ నన్ను దింపారు. నేను కూతకెళ్ళాను. నన్ను పట్టుకోబోయి అవతలి టీంలో ఇద్దరు ఒకరినొకరు గుద్దుకుని పడ్డారు. మూడో అమ్మాయి వాళ్ళ మీద తూలింది. కింద పడుతూ ముగ్గురూ నాకు తగిలారు. నేను గీత దాటి వచ్చేశాను. మూడు పాయింట్లు. మ్యాచ్ గెలిచాం. అంతే జరిగింది. నేను చేసింది పరిగెత్తడం ఒక్కటే.

కానీ ఎవరో అది ఫోన్‌లో తీశారు. కింద పడ్డవాళ్ళు కనపడకుండా ముక్క కత్తిరించి, వెనక తీన్‌మార్ డప్పు పెట్టి, నెమ్మదిగా కదిలేలా చేసి వదిలారు. అందులో నన్ను చూస్తే నాకే ముచ్చటేసింది. "చిచ్చుబుడ్డి" అని పేరు పెట్టారు. వారం తిరిగేసరికి కాలేజీలో నా అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు.

రిజర్వులో ఉన్నదాని మీద జనానికి అంత ప్రేమ ఎందుకో మీరెప్పుడైనా ఆలోచించారా? నేను ఆలోచించాను. బెంచీ మీద ఆలోచించడానికి బోలెడంత టైం ఉంటుంది. ఆడేది అందరి కళ్ళెదుటే దొరికిపోతుంది, జారుతుంది, ఓడిపోతుంది. కూర్చున్నది ఎప్పుడూ ఓడిపోదు. దాని గురించి ఎంతైనా ఊహించుకోవచ్చు. అలా ఊహించుకున్నారు నన్ను. రత్నం ఒక్కసారి దొరికితే చాలు, జనం కూర్చునే గ్యాలరీ మెట్ల మీద నుంచి అరుపు మొదలయ్యేది: "చిచ్చుబుడ్డిని దింపండి! చిచ్చుబుడ్డిని దింపండి!" రత్నం కోర్టు బయట నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకుని, ఆ అరుపు మొత్తం వినేది. ఏనాడూ నన్నొక మాట అనలేదు.

నాకు నిజం తెలుసు. ప్రాక్టీసులో మా డిఫెండర్లు నన్ను రోజూ పట్టేసేవాళ్ళు. మడమ మీద చెయ్యి పడితే చాలు, నా కూత ఆగిపోయేది. టీంలో అందరికీ తెలుసు. సార్‌కీ తెలుసు. తెలియనిది మెట్ల మీదివాళ్ళకే. మరి నేనెందుకు చెప్పలేదు? చెప్పొచ్చుగా, అది అదృష్టమని? చెప్పలేదు. ఎందుకంటే బాగుంది. బస్సులో కండక్టర్ "కబడ్డీ పాప" అని సీటు ఇప్పించడం బాగుంది. ఎప్పుడూ నా మార్కులు తప్ప ఏమీ అడగని నాన్న ఆ వీడియో పట్టుకెళ్ళి పనిచేసే చోట అందరికీ చూపించడం బాగుంది. ఇంటికొచ్చి, "ఫైనల్లో మొదటి నుంచీ నిన్నే ఆడిస్తారటగా?" అన్నారు. అవునో కాదో చెప్పకుండా నవ్వాను. ఆ నవ్వే మొదటి అబద్ధం.

అలాగని అంతా నా నెత్తిన వేసుకోను. నన్నెవరూ అడగలేదు, నువ్వంతటి దానివేనా అని. ఒక్కరంటే ఒక్కరు. వాళ్ళకి కావలసిన బొమ్మ తయారుచేసుకుని, దానికి నా ముఖం తగిలించారు. అది నేను ఈ రోజుకీ అంటాను.

ఫైనల్ ముందురోజు సాయంత్రం, ప్రాక్టీసు అయ్యాక బట్టలు మార్చుకునే గదిలో రత్నం ట్రాక్ ప్యాంటు పైకి మడిచి చూపించింది. మోకాలు బూరెలా వాచి ఉంది.

"మడతపడ్డం లేదే," అంది. "సార్‌కి సెప్పకు. సెప్తే రేపు తీసీడమే కాదు, స్టేట్ టీం సెలక్షన్లకి కూడా నా పేరు పంపడు."

"మరి ఎలా ఆడతావ్?"

"ఫస్టాఫ్ నాను లాగించేత్తాను. సెకండాఫ్ నువ్వు దిగు. నువ్వే సార్ని అడుగు, నాను దిగుతానని. జనం ఎలాగా నీ పేరే అరుత్తారు, ఆయన కాదనడు. నాను కూకుంటాను."

"నేను... నేనా?"

"ఏటే, బయ్యమా? పాయింట్లు తేకపోయినా పరవాలేదు. టైం లాగీ. సాలు. దిగుతావు కదా?"

"దిగుతాను," అన్నాను.

"ఒట్టు?"

"ఒట్టు."

ఆ మాట ఇచ్చినప్పుడు నిజంగానే దిగుదామనుకున్నాను. ఇది నమ్ముతారా? నమ్మకపోయినా పరవాలేదు.

మర్నాడు మెట్ల మీద ఖాళీ లేదు. నాన్న తనతో పనిచేసేవాళ్ళని నలుగురిని వెంటేసుకుని వచ్చారు. మా క్లాసు పిల్లలు అట్టముక్కల మీద చిచ్చుబుడ్డి బొమ్మలేసి పట్టుకొచ్చారు. ఫస్టాఫ్‌లో రత్నం ఎలా ఆడిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఒక కాలి మీదే ఆడింది. హాఫ్ టైంకి మేం రెండు పాయింట్లు ముందున్నాం. అప్పుడు మొదలైంది అరుపు. ఇదివరకటిలా కాదు. మెట్లు దడదడలాడేలా. సార్ నా వైపు తిరిగి, "ఏమ్మా, దిగుతావా?" అన్నారు.

నేను అడగాల్సిన మాట ఆయనే అడిగారు. నేను తలూపితే చాలు.

అవతలి టీంలో మడమలు పట్టే అమ్మాయి చేతులకి మట్టి రాసుకుంటోంది. పైన నాన్న లేచి నిలబడి ఫోన్ ఎత్తి పట్టుకున్నారు. నాకు ఒక్కటే కనిపించింది: నేను వెళ్తాను, మొదటి కూతలోనే దొరికిపోతాను, ఆ ఫోన్‌లో అది కూడా పడుతుంది. ఇంతమంది ఒక్కసారిగా నిశ్శబ్దమైతే ఎలా ఉంటుందో నేను బెంచీ మీద నుంచి చాలాసార్లు విన్నాను. ఆ నిశ్శబ్దం నా వల్ల రాకూడదు. అంతే.

"సార్... నాకు పీరియడ్స్ సార్. కడుపులో బాగా నొప్పి," అన్నాను.

మగాయన. వెంటనే తల దించేసుకుని, "సరేమ్మా, సరే, కూర్చో," అన్నారు. ఇంకొక మాట అడగలేడని నాకు తెలుసు. తెలిసే ఆ అబద్ధం ఎంచుకున్నాను. నిజంగా నొప్పితో ఆడిన ఆడపిల్లలందరి నొప్పినీ నా పిరికితనానికి అడ్డం పెట్టుకున్నాను.

రత్నం నమ్మింది. అదే నన్ను చంపుతుంది. తిట్టినా బాగుండేది. తన నీళ్ళ బాటిల్ నా చేతిలో పెట్టి, "కూకో. నాను సూసుకుంటాను," అని కుంటకుండా నడవడానికి ప్రయత్నిస్తూ కోర్టులోకి వెళ్ళింది.

సెకండాఫ్‌లో నాలుగో కూతో ఐదో కూతో. వాళ్ళకి దాని మడమ దొరికింది. పైన ఇద్దరు పడ్డారు. రత్నం మామూలుగా అరవదు. ఆ రోజు అరిచింది.

మేం ఓడిపోయాం. లిగమెంట్ తెగిందన్నారు. ఆపరేషన్ అయింది. ఆ ఏడాది సెలక్షన్లు పోయాయి. ఆ తర్వాతి ఏడాది పిలిచేవాళ్ళు లేరు.

ఇక్కడితో ఆగితే, భయపడ్డ ఒక ఆడపిల్ల కథ అయ్యేది. ఇక్కడితో ఆగలేదు.

ఆ రాత్రే ఫైనల్ వీడియో పెట్టారు. దాని కింద అందరిదీ ఒకటే మాట: రత్నానికి పొగరు, దెబ్బ తగిలినా బెంచీ మీద కూర్చోదు, చిచ్చుబుడ్డిని దిగనివ్వలేదు, దించుంటే కప్పు మనదే. ఒక్క వాక్యం రాస్తే సరిపోయేది నేను. "నేనే దిగనన్నాను." రాయలేదు. రాయకపోగా, ఆ మాటల్లో ఒకదానికి గుండె గుర్తు పెట్టాను. ఎర్ర గుండె. ఎందుకు పెట్టాను? వాళ్ళు చెప్పేది నిజమని కాసేపు నమ్మాలనిపించింది. నేను దిగుంటే గెలిచేవాళ్ళమని. ఆసుపత్రిలో ఫోన్ చూసుకుంటూ రత్నం ఆ గుర్తు చూసి ఉంటుంది. చూడకుండా ఎలా ఉంటుంది?

నేను ఒకే ఒక్కసారి ఆసుపత్రికి వెళ్ళాను. "నీ నొప్పి తగ్గినాదా?" అని అడిగింది నన్ను. తగ్గిందన్నాను. మళ్ళీ వెళ్ళలేదు.

ఆ తర్వాత నేను చదువు ముగించాను, వన్ టౌన్‌లో ఒక షిప్పింగ్ ఏజెంటు ఆఫీసులో చేరాను. కబడ్డీ వదిలేశాను. ఇప్పటికీ గాజువాకలో ఎవరో ఒకరు ఆపి అంటారు, "ఆ రోజు నిన్ను దింపాల్సిందమ్మా" అని. మొన్నొకాయన అదే మాట అన్నప్పుడు ఇక తట్టుకోలేకపోయాను. ఇంటికెళ్ళి ఆ పాత ఫైనల్ వీడియో వెతికి, కింద రాశాను: రత్నం తప్పేం లేదు, నేనే భయపడి అబద్ధం చెప్పి దిగలేదు.

ఏం జరిగిందో తెలుసా? మెచ్చుకున్నారు. "ఎంత మంచి మనసు, ఫ్రెండ్‌ని ఎలా కాపాడుకుంటుందో చూడండి" అని. నిజం చెప్పినా నన్ను నన్నుగా ఉండనివ్వరు వీళ్ళు.

అందుకే ఆదివారం పొద్దున్నే హార్బర్‌కి వెళ్ళాను. రత్నం ఇప్పుడు అక్కడ వేలం పాడుతుంది. కూతకెళ్ళిన గొంతు కదా, బోట్ల ఇంజన్లని దాటి వినిపిస్తుంది. జెట్టీ మెట్లు ఒక్కో మెట్టూ రెండు కాళ్ళూ పెట్టి దిగుతోంది. పక్కకి పిలిచి చెప్పాను. ఆ రోజు నాకు కడుపునొప్పి లేదని, ఒట్టు తప్పానని, ఆ గుండె గుర్తు నేనే పెట్టానని. ఏడవలేదు. ఏడిస్తే అది నన్ను ఓదార్చాల్సి వస్తుంది.

రత్నం నా ముఖంలోకి చూసింది. చేతికున్న చేపపొలుసులు గోటితో గీక్కుంది.

"సెప్పీసేవు కదా," అంది. "ఎల్లు."

వచ్చేశాను. క్షమించమని అడగలేదు. అది క్షమించలేదు. అరిచినవాళ్ళ తప్పు అరిచినవాళ్ళది, వాళ్ళకి నేను జవాబుదారీ కాను, ఆ కప్పుకి కూడా కాను. రత్నానికి మాత్రమే. దాని ముందు నిలబడి చెప్పాను, ఇప్పుడు మీకూ చెప్పాను. నా మాట నా నోటితో పూర్తిగా బయటికొచ్చింది. ఇన్నాళ్ళలో మొదటిసారి గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను.