మ్యూరియెల్ కోసం కొన్న నీలం పొయ్యి

ఉత్తర ఇంగ్లండులో మా కాల్డర్ లోయలో వంటిళ్లు కట్టడం నా పని. ఇప్పటికి రెండు వందల పైన విప్పి, కొత్తవి బిగించి ఉంటాను. చాలా వరకు మర్చిపోయాను. ఆక్రాయిడ్ దంపతులది మాత్రం మర్చిపోలేదు.

మ్యూరియెల్ ఆక్రాయిడ్ మా స్కూల్లో ముప్ఫై ఒక్క ఏళ్లు వంట చేసింది. నేనూ ఆమె చేతి తిండి తిని పెరిగినవాణ్ణే. "ఇంకో ముక్క వేసుకోరా, కొండ మీద గాలికి ఎగిరిపోయేలా ఉన్నావు" అని ప్లేటు నింపేది. అంతమందికి వండిన మనిషి ఇంట్లో వంటిల్లు మాత్రం ఇద్దరు నిలబడితే మోచేతులు తగిలేంత ఇరుకు. పాత గ్యాస్ పొయ్యి మీద ఒక బర్నరు అగ్గిపుల్ల గీస్తే తప్ప అంటుకునేది కాదు. అల్మారా తలుపు లోపలి వైపు పత్రికలోంచి కత్తిరించిన బొమ్మ ఒకటి అంటించి ఉండేది. ముదురు నీలం రంగు, ఇత్తడి పిడులు, ఐదు బర్నర్లు, రెండు ఓవెన్లు ఉన్న పెద్ద ఇనుప పొయ్యి. పిల్లలు లేని ఇల్లది. భర్త హెడ్లీ బస్సు డ్రైవరుగా రిటైరయ్యాడు.

ఒక మార్చి నెలలో హెడ్లీ నన్ను పిలిచాడు. ఆ పొయ్యికి ఆర్డరు ఇచ్చేశానన్నాడు.

నేల తట్టి చూసి అన్నాను: "ఆక్రాయిడ్ గారూ, ఇంత బరువు పెడితే మీ ఇల్లు కొండ మీంచి జారి కింద పబ్బులో పడుతుంది."

"మంచిదే. బీరు కోసం మెట్లు దిగే బాధ తప్పుతుంది."

పొయ్యి పట్టాలంటే నడిమి గోడ కొట్టాలి, నేల కింద దూలాలు వేయాలి, సింకు కిటికీ దగ్గర్నుంచి పక్క గోడకు జరపాలి. అంటే ఏ వస్తువూ ఉన్నచోట ఉండదు. మేం ఇవన్నీ మాట్లాడుతుంటే మ్యూరియెల్ టీ పెట్టింది. నావైపు చూస్తూనే ఎడమ చేత్తో సొరుగు లాగింది, చెంచా తీసింది, డబ్బా మూత తిప్పింది. చేతులు వాటంతటవే పని చేసుకుపోయాయి.

కప్పు అందిస్తూ, "గ్యాస్ మీటరు చూడ్డానికి వచ్చావా బాబూ?" అంది.

"కీరన్‌నండీ. మీ స్కూల్లో చదివాను."

"అవునవును" అని నవ్వింది. కాసేపయ్యాక మళ్లీ అదే అడిగింది.

హెడ్లీ తల తిప్పుకున్నాడు. గుమ్మం దాకా వచ్చి మెల్లగా చెప్పాడు: "డాక్టరు చెప్పాడులే. మతిమరుపు జబ్బట. ఆవిడకి తెలివి ఉండగానే ఆ పొయ్యి మీద ఒక్కసారైనా వండాలని నా ఆశ. నువ్వు తొందరగా కానిచ్చెయ్యి."

నేను తొందరగానే కానిచ్చాను. ఏడు వారాలు. పాత అల్మారాలూ సొరుగులూ చెత్తబండిలో పోయాయి. పొయ్యిని నలుగురం మోసి లోపల పెట్టాం. నా చేతి మీద అంత చక్కగా వచ్చిన పని అంతకు ముందు లేదు. ఆ మాట పైకే అన్నాను కూడా.

హెడ్లీ ఆమె చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఎవరిల్లయ్యా ఇది?"

"మనదే మ్యూరియెల్. నీ పొయ్యి చూడు."

"బాగుంది. పద పోదాం, వాళ్లు వచ్చేస్తారు."

"ఎవరొస్తారు?"

"ఈ ఇంటివాళ్లు."

హెడ్లీ బలవంతం చేసి లోపలికి నడిపించాడు. టీ పెట్టబోయి ఎడమ చెయ్యి చాపింది. సొరుగు ఉండే చోట చల్లటి రాతి పలక తగిలింది. మళ్లీ చాపింది. మళ్లీ అదే. ఆ చెయ్యి రెండోచేత్తో పట్టుకుని, తప్పు చేసిన పిల్లలా మావైపు చూసింది. అప్పుడు తెలిసింది నాకు, నేనేం విప్పి పారేశానో.

ఆ తర్వాత ఆమె వంటింట్లోకి వెళ్లడం మానేసింది. ఇంటికొచ్చే నర్సు హెడ్లీతో నా ముందే అంది: "పాతది అలాగే ఉంచాల్సిందండీ. అలవాటైన చోట చేతులకి గుర్తుంటుంది." ఆమె మందలించలేదు, ఉన్నమాట చెప్పింది. హెడ్లీ టోపీ తీసుకుని బయటికెళ్లి గంటసేపు రాలేదు.

నేను మరో ఇంట్లో విప్పిన పాత సొరుగు తెచ్చి, కిటికీ పక్కన వాళ్ల సొరుగు ఉండే చోట, సరిగ్గా అదే ఎత్తులో బిగించాను. హెడ్లీ తీసుకొస్తే మ్యూరియెల్ లాగింది, చెంచా తీసింది. ఆమె చెంచా కోటు జేబులో వేసుకుని, "ఇక ఇంటికెళ్దామా?" అంది.

మరుసటి వసంతానికి ఆమెను వృద్ధుల ఆశ్రమంలో చేర్చాల్సి వచ్చింది. డెబ్బై ఎనిమిదేళ్ల వయసులో హెడ్లీ ఆ పొయ్యి మీద వంట నేర్చుకున్నాడు. గురువారం గురువారం మాంసం, బంగాళాదుంపలు పిండి పొరలో పెట్టి 'పై' అనే వంటకం కాల్చి, తువ్వాలులో చుట్టుకుని బస్సులో తీసుకెళ్లేవాడు. ఒకసారి నేనూ వెళ్లాను. ఆమె శుభ్రంగా తిని, "ఎవరు చేశారో గానీ పిండి మరీ పిసికేశారు. తోలులా ఉంది" అంది.

"వాళ్లకి చెప్తాలే" అన్నాడు హెడ్లీ.

క్రిస్మస్‌కు ముందు న్యుమోనియాతో పోయింది. అంత్యక్రియలైన వారానికి నేను వెళ్తే ఆయన పొయ్యి ముందు కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. పొయ్యి వెలిగించి లేదు. కోటు కూడా విప్పలేదు.

"కీరన్, నిజం చెప్పు. నేనిది చేయించకపోతే ఇంకో ఏడాది నా దగ్గర ఉండేదా?"

"లేదండీ" అన్నాను. "జబ్బు ముదిరిపోయింది. వంటిల్లు ఎలా ఉన్నా ఒకటే."

ఆయన నా మొహంలోకి చూశాడు. నా మాట ఆయన నమ్మలేదని ఇద్దరికీ తెలుసు. బయట మంచు నీళ్లతో కలిసి కురుస్తోంది. ఆయన లేచి, "చీకటి పడుతోంది, రోడ్డు జారుడుగా ఉంటుంది, నెమ్మదిగా వెళ్లు" అని తలుపు తీశాడు.