ఏడున్నర రౌండ్లు

మోకాళ్ళు పట్టేయకుండా ఉండాలంటే పొద్దున్నే నాలుగడుగులు వెయ్యమని డాక్టరుగారు చెప్పడంతో, తిరువూరులో మా ఇంటికి దగ్గరలో ఉన్న మైదానానికి ఈ మధ్య మళ్ళీ వెళ్ళడం మొదలుపెట్టాను. వ్యాయామ ఉపాధ్యాయుడిగా పాతికేళ్ళకు పైగా నేను ఈల ఊదిన చోటు అది. రిటైరయ్యాక కావాలనే అటు వెళ్ళలేదు. మొన్న ఒక ఉదయం పదిమంది పిల్లలు గుంపుగా, కబుర్లు చెప్పుకుంటూ, నవ్వుకుంటూ నింపాదిగా పరుగెత్తుతున్నారు. వాళ్ళకు నేర్పుతున్నది పాతికేళ్ళయినా నిండని ఒక అమ్మాయి. ఒక పిల్ల ఉత్సాహం ఆపుకోలేక గుంపును దాటి ముందుకు దూసుకుపోతే ఆ అమ్మాయి పిలిచి మందలించింది.

"ఇవాళ నెమ్మది రోజు. మాట్లాడుతూ పరిగెత్తలేకపోతున్నావంటే స్పీడు ఎక్కువైనట్టే. వెనక్కొచ్చి వాళ్ళతో కలువు."

నేను పక్కనున్న ప్రహరీ గోడ పట్టుకుని నిలబడిపోయాను. ముప్పై ఆరేళ్ళ కిందట అదే మట్టిమీద, సరిగ్గా దానికి ఎదురైన తప్పుకు, అంటే మాట్లాడుతూ పరుగెత్తినందుకు, ఇద్దరు పిల్లల్ని నేను ఎండలో నిలబెట్టాను. వాళ్ళలో ఒకరు మా అక్క కూతురు.

మా అక్కావాళ్ళది పెనుగొలను. బావది వ్యవసాయం, మామిడితోట. పిల్ల ఎనిమిదో తరగతి అవగానే, మేనమామ పనిచేసే బళ్ళో అయితే బెంగ ఉండదని అక్క దాన్ని మా ఇంట్లో వదిలి వెళ్ళింది. మాకు అప్పటికింకా పిల్లలు లేరు. మా ఆవిడ దానికి జడలు వేయడంలో, కంచంలో కొసరి వడ్డించడంలో ఆ లోటు మరిచిపోయేది. ఇంట్లో నన్ను మావయ్యా అని పిలిచే ఆ పిల్ల, బడి గేటు దాటగానే ఎవరూ చెప్పకుండానే సార్ అనేది.

అది పరుగెత్తుతుందని నేను కనిపెట్టింది ఆటల పోటీల్లో కాదు. ఒకరోజు నేను ఇంట్లో మరిచిపోయిన కళ్ళజోడు తెచ్చివ్వడానికి ఇంటినుంచి బడిదాకా ఏకబిగిన పరుగెత్తి వచ్చి, ఆయాసమన్నదే లేకుండా నా ముందు నిలబడింది. అంతవరకు జిల్లా స్థాయిలో మా బడికి ఒక్క పతకమైనా తెచ్చిపెట్టలేకపోయాననే దిగులు నాలో ఉండేదేమో, ఆ క్షణంలో అది నా మేనకోడలిలా కాక నా పతకంలా కనిపించింది. మర్నాటి నుంచి సాధన మొదలుపెట్టించాను. బస్టాండు దగ్గర లారీలు బాగుచేసే మెకానిక్ గారి అమ్మాయి దాని స్నేహితురాలు, ఆ పిల్లా వచ్చి కలిసింది. మొదటి రెండు నెలలు వాళ్ళిద్దరూ విస్సన్నపేట రోడ్డు మీద పక్కపక్కనే, లోకంలోని ముచ్చట్లన్నీ చెప్పుకుంటూ పరుగెత్తేవారు. ఈరోజు తలుచుకుంటే తెలుస్తోంది, దాని పరుగు బాగుపడింది ఆ రెండు నెలల్లోనే. కాని గసపోయకుండా, చెమటలు కారకుండా చేసేది సాధన ఎలా అవుతుందన్నది నాకు తెలిసిన శాస్త్రం. నోరు విప్పారంటే కాళ్ళు పనిచేయడం లేదన్నమాటే అనుకున్నాను. రెండుసార్లు హెచ్చరించి, మూడోసారి ఎండలో నిలబెట్టి, ఆఖరికి ఇద్దర్నీ విడదీసి మా పిల్లను ఒక్కదాన్నే నా సైకిలు వెనక పరుగెత్తించాను.

కిలోమీటరు రాళ్ళే నా కొలతలు. రాయికీ రాయికీ మధ్య నాలుగున్నర నిమిషాలు, ఆదివారమైనా సరే, వాన పడ్డా సరే. నెల తిరిగేసరికి పావునిమిషం తగ్గించాను. రోజూ అదే దూరం, రోజూ ఒంట్లో ఉన్నదంతా ఊడ్చి పెట్టాల్సిందే. అప్పట్లో నాలాంటి మాస్టర్లు చాలామంది అలాగే చేసేవారని సర్దిచెప్పుకోవడానికి ఎన్నోసార్లు ప్రయత్నించాను, కుదరలేదు. ఎందుకంటే అంతటితో నేను ఆగలేదు. ఒళ్ళు తేలికైతే వేగం పెరుగుతుందని దాని కంచం మీద కూడా నా పెత్తనం సాగింది. ముద్దపప్పులో నెయ్యి మానిపించాను, రాత్రిపూట అన్నం సగం చేయించాను. తోట పళ్ళతో చేసిన మామిడితాండ్ర బావ బుట్టతో తెచ్చి దింపితే, పోటీలయ్యేదాకా పిల్ల దాన్ని ముట్టుకోకూడదన్నాను. ఆయన నవ్వి, చదువు చెప్పేవాడివి నువ్వు, నీ ఇష్టం బావా అని వెళ్ళిపోయాడు.

దీపావళి వెళ్ళాక పరుగు మందగించింది. పిల్ల ముఖం పాలిపోయి, మెట్లెక్కితే ఆగి ఊపిరి తీసుకునేది. బద్ధకమనుకున్నాను, ఇంకో కిలోమీటరు కలిపాను. ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం మా ఆవిడ, వంటింటి గుమ్మంలో నిలబడి, చెప్పాలా వద్దా అని కాసేపు తటపటాయించి, పిల్లకు మూడు నెలలుగా నెలసరి రావడం లేదని, ఒకసారి డాక్టరమ్మకు చూపిద్దామని అన్నది. బాగా సాధన చేసే ఆడపిల్లలకు అలాగే అవుతుందని, అది మంచి గుర్తేనని ఏదో శిక్షణ తరగతిలో ఎవరో అనగా విన్నాను. అదే మాట ఆవిడకు అప్పగించి పేపరు చదువుకున్నాను. ఆవిడ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. నాకు ఎవరూ చెప్పలేదు అని అనుకునే వీలు కూడా లేకుండా పోయింది చూశారా.

సైకిలు మీద నేనెప్పుడూ ముందుండేవాణ్ణి కాబట్టి పిల్ల నాకు కనిపించేది కాదు, అడుగుల చప్పుడే వినిపించేది. పోటీలు ఇంకా మూడు వారాలున్నాయనగా ఆ చప్పుడు మారింది. ఒక అడుగు గట్టిగా, ఒక అడుగు మెత్తగా, దొంగతనంగా వేసినట్టు. విన్నాను. వెనక్కి తిరిగి చూడలేదు. ఈనాటికీ తెల్లవారుజామున మెలకువ వస్తే ఇంటి ముందు రోడ్డు మీద ఆ ఎగుడుదిగుడు అడుగులే దగ్గరకొస్తున్నట్టుంటుంది, లేచి కిటికీ తీస్తే పాలవాడి బండి తప్ప ఇంకేం ఉండదు. అలా వినపడని వారం ఈ ముప్పై ఆరేళ్ళలో లేదంటే మీరు నమ్మకపోవచ్చు. ఎడమకాలి ముందరి ఎముక మీద ఒకచోట నొప్పిగా ఉంటోందని అది ఒక్కసారి, ఒక్కసారే చెప్పింది. గట్టిగా గుడ్డ కట్టుకోమన్నాను.

జిల్లా పోటీల్లో మూడువేల మీటర్ల పరుగు, ఏడున్నర రౌండ్లు. మెకానిక్ గారి అమ్మాయి కూడా పేరిచ్చి వచ్చింది, సరదాకు వచ్చిందనుకున్నాను. మా పిల్ల మొదటి మూడు రౌండ్లు అందరికంటే ముందుంది. నాలుగో రౌండులో రెండో స్థానానికి పడింది. అయిదో రౌండు ముగుస్తుండగా నేను నిలబడ్డ మలుపు దగ్గరికొచ్చి తల తిప్పి నా ముఖంలోకి చూసింది. ఆ చూపు అడిగిందేమిటో నాకు ఆ క్షణంలోనే తెలుసు. నేను చెయ్యెత్తి ముందుకు ఊపాను. ఇంకా, ఇంకా అని అరిచాను. అది తల తిప్పుకుని వేగం పెంచింది. నలభై అడుగులు వేసిందో లేదో, ఎండుకొమ్మ విరిగినంత చిన్న చప్పుడు. పిల్ల పక్కకి ఒరిగి సున్నపు గీత మీద పడిపోయింది.

ఇక్కడ ఒక నిజం రాయాలి. నేను పరుగెత్తుకు వెళ్ళకముందు చేతిలోని వాచీ చూశాను. పిల్ల దగ్గరికి ముందుగా చేరింది నేను కాదు, వెనక నాలుగో స్థానంలో హాయిగా వస్తున్న మెకానిక్ గారి అమ్మాయి. పరుగు వదిలేసి, అక్కడే కూలబడి, దాని తల ఒళ్ళో పెట్టుకుంది.

ఆసుపత్రిలో డాక్టరుగారు ఎముక ఎప్పటినుంచో సన్నగా చిట్లి ఉందని, రక్తం బాగా తక్కువుందని, తిండి చాలక ఎముకలు బలహీనపడ్డాయని చెప్పి, ఈ పిల్ల ఎవరి దగ్గర పెరుగుతోందని అడిగారు. సాయంత్రానికి అక్కా బావా వచ్చారు. సిమెంటు కట్టులో ఉన్న కాలి పక్కన కూర్చుని అక్క పిల్ల జడ విప్పి మళ్ళీ అల్లింది. చీకటిపడే వేళకు, నా వైపు చూడకుండానే అన్నది.

"నీ దగ్గరుందని నేను నిశ్చింతగా ఉన్నానురా తమ్ముడూ."

అంతే. తిట్టలేదు, తరవాత ఏనాడూ ఆ ఊసెత్తలేదు, రాకపోకలు మానలేదు. తోట కాపుకొచ్చినప్పుడల్లా మా ఇంటికి బుట్ట వస్తూనే ఉండేది, ఆ పళ్ళు నేను ముట్టుకునేవాణ్ణి కాదు. కాలు అతికింది కాని కాస్త వంకరగా అతికింది. పిల్ల పెనుగొలను వెళ్ళిపోయి, చదువుకుని, లెక్కల టీచరై విస్సన్నపేటలో స్థిరపడింది. పెళ్ళిళ్ళలో పేరంటాల్లో ఎదురుపడితే బాగున్నావా మావయ్యా అని అదే పలకరించేది. పక్క కుర్చీలో కాలు చాపుకుని కూర్చునేది. నేను ఎప్పుడూ దాని ముఖమే చూసేవాణ్ణి, కాలి వైపు చూసేవాణ్ణి కాదు.

మొన్న ఆ మైదానంలో, పిల్లలు వెళ్ళిపోయాక, నేర్పే అమ్మాయి పక్కన కూర్చుని చిన్నపిల్లాడిలా పాఠం చెప్పించుకున్నాను. నెమ్మది పరుగే గుండెకు బలమిస్తుందట, కండల్లో సన్నని రక్తనాళాలు అప్పుడే పెరుగుతాయట. గట్టి పరుగు వారానికి రెండు రోజులు చాలట. దేహం బాగుపడేది పరుగెత్తేటప్పుడు కాదట, తిని పడుకున్నప్పుడట. నెలసరి ఆగిందంటే అది ఒళ్ళు పెట్టే మొర, ముందు పరుగు ఆపించి అన్నం పెట్టాలి అన్నది, అదేదో అందరికీ తెలిసిన సంగతిలా. ఆ అమ్మాయి ఇంకా చెబుతూనే ఉంది. నేను లేచి, ఇంటికి కూడా చెప్పకుండా, షేర్ ఆటో ఎక్కి విస్సన్నపేట వెళ్ళాను.

బడికి బయలుదేరబోతున్న మేనకోడలు నన్ను చూసి గాభరాపడి, ఇంట్లో అందరూ బాగున్నారా అని అడిగింది. కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. గ్లాసు చేతిలో పట్టుకునే అడిగాను.

"కాలు ఇంకా నొప్పెడుతుందా అమ్మా?"

అది తన ఎడమకాలి వైపు చూసుకుంది. "చలికాలంలో పెడుతుంది మావయ్యా. అలవాటైపోయింది." బ్యాగు తీసి బల్ల మీద పెట్టి, నా పక్కన కూర్చుంది. "ఆ రోజు మలుపు దగ్గర నువ్వు ఆగమంటావేమోనని చూశాను. ఆగమని ఉంటే ఆగేదాన్నే."

తెలుసునమ్మా అన్నాను. ఆ ఒక్క మాటకు ముప్పై ఆరేళ్ళు పట్టింది. తరవాత అది బడికి ఫోను చేసి, ఒక గంట ఆలస్యంగా వస్తానని చెప్పి, నాకు టిఫిను పెట్టింది.

ఇప్పటి పిల్లలకు నేర్పేవాళ్ళు రాగానే రాత్రి నిద్ర పట్టిందా, ఏం తిన్నావు, ఎక్కడైనా నొప్పి ఉందా అని అడుగుతున్నారు. నా కాలంలో నేనడిగింది ఒక్కటే, ఎన్ని నిమిషాలు పట్టిందని. ఈ శాస్త్రం అప్పుడు నాకు తెలియదనే మాట నిజమే, కాని కాలు నొప్పి పెడుతుందా అని అడగడానికి శాస్త్రం అక్కర్లేదు కదా. తిరుగుప్రయాణంలో ఆటోలో కూర్చుని, ఇవాళ అడిగానే అక్కా అని తనకు చెప్పాలనిపించింది. అక్క పోయి ఏడేళ్ళవుతోంది.