నిమ్మళమ్మ ఏమన్నింది?

నిన్న పాఠాలు ముగించుకుని బడి నుంచి వస్తుంటే, కల్లూరులో మా వీధి మొదట్లోని పండ్ల అంగడి దగ్గర వరిగడ్డిలో మాగుతున్న మామిడికాయల వాసన ముక్కుకు తగిలింది. కొనే పని లేకపోయినా ఆటో దిగి కాసేపు నిలబడ్డాను. ఆ వాసన వస్తే నాకు నాగమ్మవ్వ పక్కనే ఉన్నట్టుంటుంది.

బనగానపల్లెలో నాగమ్మవ్వది మా పక్కిల్లు. ముందు గదిలో కొడుకు కిరాణా అంగడి, వెనక గదిలో ఆమె రాజ్యం. మా నాన్న తోటలో దించిన కాయలను ఆ గదిలో గడ్డి పరిచి మాగబెట్టేది. రోజూ సాయంత్రం ఒక్కో కాయనూ తిప్పి చూసి, మాగినవి ఏరేది. గంప పట్టుకోవడానికి మా అక్క, నేను. మేమిద్దరం కవలలం. అక్క నోరు తెరిస్తే మూయదు, నేనేమో నోట్లో నాలుక లేనిదాన్ని. నోరున్నవాళ్లదే రాజ్యమంటారు కదా, ఎవరేమడిగినా ఇద్దరి జవాబూ అక్కే చెప్పేసేది. మా అమ్మకు ఇంకో పట్టు ఉండేది: కవలలకు ఏది చేసినా జంటగా చేయాలి. అక్కకు జ్వరమొస్తే నాకూ మందు పోసేది! ఆ చేదు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

గంప నిండేదాకా అవ్వ కథ చెప్పేది. ఎప్పుడూ ఇద్దరు కవల అక్కచెల్లెళ్ల కథే. గలగలమ్మ ముందు దూకి తర్వాత ఆలోచిస్తుంది. నిమ్మళమ్మ ఆలోచిస్తూ ఆలోచిస్తూ అన్నం చల్లారబెట్టుకుంటుంది. “ఇద్దర్లో ఎవరు మంచోళ్లవ్వా?” అని ఒకసారి అక్క అడిగింది.

“ఇద్దరూ ఉంటేనే గదా పాపా కత. ఒగతే ఉంటే కతేముండాది?” అంది అవ్వ. నిమ్మళమ్మను చెడ్డదాన్ని చేయనందుకు అవ్వంటే నాకు ప్రాణం.

ఐదో తరగతి అయ్యాక కడపలో ఒక హాస్టలు బడిలో మా ఇద్దరికీ సీట్లు వచ్చాయి. అక్క ఎగిరి గంతేసింది. నాకు ఊరు వదిలి పోవాలని లేదు. “పోతే ఇద్దరూ పోవల్ల, లేకుంటే ఇద్దరూ ఈడనే ఉండల్ల” అన్నాడు నాన్న. నేను పోనంటే అక్క చదువు ఆగిపోతుంది. అందుకని నోరు మూసుకున్నాను. ఒకే రంగు పెట్టెలు రెండు కొన్నారు. నాకు ముద్ద దిగడం మానేసింది.

ఆ సాయంత్రం అక్క బెల్లం ముక్క కోసం అంగట్లోకి పోయింది. అవ్వ కథ మొదలుపెట్టింది. గలగలమ్మ దూరపు ఊరికి పోయే బండెక్కి, చెల్లెలికి చెయ్యి చాపింది. అక్కడ అవ్వ కథ ఆపేసింది.

“నిమ్మళమ్మ ఏమన్నింది పాపా? నువ్వే చెప్పు.”

నేను గడ్డిపరకలు తుంచసాగాను. ఆమె తొందరపెట్టలేదు. కాయలు తిప్పుకుంటూ కూర్చుంది. చివరికి నా నోట్లోంచి మాట ఊడిపడింది. “నేను రానంటుందవ్వా. అక్కను మాత్రం ఆపొద్దంటుంది.”

అవ్వ చీరకంటిన గడ్డి కూడా దులుపుకోకుండా నా చెయ్యి పట్టుకుని మా ఇంటికి నడిచింది. “ఏమప్పా, నీ చిన్నకూతురు రానంటాంది. పెద్దదాన్ని ఆపొద్దంటాంది. ఇన్నావా?” అంది నాన్నతో.

“కవలల్ని ఇడదీస్తే మంచిది కాదంటారే అవ్వా” అని నాన్న నసిగాడు.

“ఒగే చెట్టు కాయలు, ఒగే గడ్డిలో పెట్టినా. అన్నీ ఒగేదినం మాగినాయా? నీకు తెల్దా?”

తోట మీద బతికే మనిషి. “సరేలే అవ్వా, పెద్దదొక్కటే పోనీ” అన్నాడు. అమ్మ నన్ను దగ్గరికి లాక్కుని, “ముందే ఎందుకు చెప్పలేదే?” అంది.

“నన్నెవరూ అడగలేదు” అన్నాను. అమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను మాత్రం ఆ పూట రెండుసార్లు అన్నం పెట్టించుకుని తిన్నాను. కొండంత బరువు దిగింది మరి! కడపకు పోయే రోజు అక్క బస్సెక్కుతూ, “నేనొచ్చేదాకా కథ అయిపోగొట్టొద్దు” అని అవ్వకు గట్టిగా చెప్పి వెళ్లింది. ఇప్పుడు కడపలో నర్సు. ఫోను చేస్తే గంటసేపు తనే మాట్లాడుతుంది, నేను ఊకొడతాను.

అవ్వ పోయి చాలా ఏళ్లయింది. నా తరగతిలో ఈ ఏడు కవల ఆడపిల్లలు చేరారు. వాళ్లకు గలగలమ్మ, నిమ్మళమ్మల కథలే చెబుతున్నాను. మొన్న మధ్యాహ్న భోజనం దగ్గర పెద్దది, “మా ఇద్దరికీ గుడ్డు కావల్ల టీచర్” అంది. “నువ్వాగు తల్లీ” అని చిన్నదాని వైపు తిరిగాను. అది తల దించుకుంది. వెనక వరుస కదలడం లేదని వంటామె గొణుగుతోంది. నేను కదల్లేదు.

“నాకు గుడ్డు వాసనే పడదు టీచర్” అంది చివరికి, గట్టిగా ఊపిరి వదిలి.

నేనూ వదిలాను.