దుబాయ్ ఎర్ర దారిలో రానూపోనూ

"డబ్బు పంపేద్దామమ్మా. మస్తాన్ కారు కాగితాలు మళ్ళీ రాయించుకోవాలంటే ముందు ఈ జరిమానాలు కట్టాలంట. కారు ఆగితే వాడి పని ఆగిద్ది. పని ఆగితే వాడు కూతురి నిఖాకి రాలేడు."

"నిఖా ఎప్పుడు? పత్తి తీతలు అయిపోయాక. మనమింకా మిరప నారే పొయ్యలేదు. కొన్నాళ్ళు ఆగు, వాళ్ళే తగ్గిస్తారు."

"ఎవరు తగ్గిస్తారు?"

"గవర్నమెంటు."

"అది దుబాయ్ అమ్మా."

"అయితే? అక్కడ గవర్నమెంటు లేదా?"

ఈ గొడవలో గెలిచింది నేనే. మా ఇంట్లో ఏ గొడవలోనైనా గెలిచేది నేనే, ఎందుకంటే బీరువా తాళాలు నా బొడ్డులో ఉంటాయి. కొన్నేళ్ళ కిందటి ఆ గెలుపు ఎంత పని చేసిందో చెప్తాను, వినండి. మీకు నవ్వొస్తే నవ్వండి, నేనేమీ అనుకోను. నేను కూడా సగం దాకా నవ్వుతూనే చెప్పగలను.

ఆ గొడవ పడింది మా చిన్నమ్మాయి పద్మ. పచ్చళ్ళూ కారప్పొడీ చేసి అమ్ముతుంది. ఆ వేసవిలో దుబాయ్‌లో ఎవరో తెలుగువాళ్ళు పెద్ద అమ్మకాల మేళా పెడితే దీనికీ ఒక స్టాలు దొరికింది. తోడు నేను బయలుదేరాను. నాకేం సరదా కాదు. రుచి చూస్తామని వచ్చి సీసా సగం నాకేసి, ఒక్కటీ కొనకుండా పోయేవాళ్ళు అన్ని దేశాల్లోనూ ఉంటారు. పద్మ మెతక మనిషి. కాపలాకి నాలాంటిది కావాలి.

అక్కడ మాకు కారు తోలింది మస్తాన్. మా కల్లంలో మిరపకాయల తొడిమలు తీసే బీబీజాన్ కొడుకు. మాది గుంటూరు దగ్గర నల్లపాడు దాటాక వచ్చే పల్లె. వాడు మా కల్లంలో పాకుతూ పెరిగాడు. కళ్ళలో కారం పడి ఏడిస్తే నా కొంగు తడిపి తుడిచిన రోజులున్నాయి. నన్ను పెద్దమ్మా అంటాడు. దుబాయ్‌లో సొంత కారు పెట్టుకుని ఇళ్ళకీ ఆఫీసులకీ భోజనం క్యారియర్లు చేరవేస్తుంటాడు. మేము వస్తున్నామని ఆ పని ఇంకొకడికి అప్పగించి, కారు కడిగి, విమానాశ్రయం బయట పెళ్ళికొడుకులా నిలబడ్డాడు.

మొదటి రోజే ఆలస్యమైంది. కారణం నేనే. హోటలు గదికి డబ్బు కట్టాం కదా, అందులో పెట్టిన సబ్బు ముక్కలూ, టీ పొట్లాలూ, పంచదార పొట్లాలూ వదిలేసి రావడానికి నాకు మనసొప్పలేదు. అవన్నీ మూటగట్టి నేను కిందికి దిగేసరికి రోడ్డు మీద కార్లు చీమల్లా బారులు తీరి ఉన్నాయి. వేళకి చేరకపోతే స్టాలు ఇంకొకరికి ఇచ్చేస్తారని పద్మ గోళ్ళు కొరుక్కుంటోంది.

అప్పుడు కనపడింది నాకు ఆ దారి. మా బారు పక్కనే, మిరపకాయలు ఆరబోసినంత ఎర్రగా, నున్నగా, కనుచూపు మేర ఖాళీగా ఉంది. మా ఊళ్ళో కాయ సీజనులో సగం రోడ్డు మిరపకాయలకే పోతుంది. మిగిలిన సగంలోనే లారీ, ఆటో, గేదెలు, స్కూలు బస్సు అన్నీ సర్దుకుని పోతాయి. అలాంటి ఊరి దానికి అంత చక్కటి రోడ్డు బీడు పడి కనిపిస్తే కడుపు తరుక్కుపోదా? మీరే చెప్పండి.

"అదెందుకురా ఖాళీగా ఉంది?"

"అది బస్సులకి పెద్దమ్మా."

"బస్సేదీ?"

"వచ్చిద్ది."

"వచ్చినప్పుడు పక్కకి తప్పుకుందాంలే. పోనీ."

వాడు కుదరదన్నాడు, కెమెరాలుంటాయన్నాడు, నవ్వి మాట తప్పించబోయాడు. నేను వదల్లేదు. నా మాట కన్నా కెమెరా మాట ఎక్కువైందా అన్నాను. వాడు అద్దంలో నా మొహం చూసి, పద్మ గోళ్ళు చూసి, చక్రం తిప్పాడు. ఏం పోయాం అనుకున్నారు! వెన్న మీద వేలు జారినట్టు పోయాం. వేళకి ముందే చేరాం. కారు దిగుతుంటే వాడి సెల్లు టింగుమంది. చూసుకుని జేబులో పెట్టుకున్నాడు. ఏమిటని పద్మ గుచ్చి గుచ్చి అడిగితే జరిమానా అన్నాడు. ఎంతో చెప్పాడు. పద్మ దాన్ని రూపాయల్లోకి మార్చి నాకు చెప్పింది. చెవిలో తేలు దూరినట్టయింది నాకు.

అక్కడితో బుద్ధి రావాలి. కానీ పొదుపరి మనిషి బుర్ర మామూలు బుర్ర కాదు. రోజంతా పచ్చళ్ళు అమ్ముతూ ఆలోచించాను. సాయంత్రం కారెక్కి, మళ్ళీ ఆ ఎర్ర దారిలోనే పొమ్మన్నాను.

"మళ్ళీ పడిద్ది పెద్దమ్మా."

"ఎట్లా పడిద్దిరా? పొద్దున కట్టించుకున్నారుగా. మన టోలు గేటు దగ్గర రానూపోనూ ఒకేసారి కట్టమా? పోయేదానికే అంత తీసుకుంటే రావడం కూడా అందులో కలిసే ఉంటది."

మస్తాన్ ఇది హాస్యమనుకుని గట్టిగా నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి ఆపేశాడు. ఆ సాయంత్రం మేము పద్మ కన్నా, మస్తాన్ కన్నా, ఆ దేశపు చట్టం కన్నా నా లెక్కే పెద్దదని నిరూపిస్తూ ఎర్ర దారిలో దర్జాగా తిరిగొచ్చాం. గది దగ్గర దిగేటప్పుడు వాడి సెల్లు మళ్ళీ టింగుమంది.

ఇంకొకటి కూడా ఉంది, అదీ చెప్పేస్తాను. చివరి రోజు బజారులో కారు నిలపడానికి డబ్బు కట్టాలన్నారు. నేను లోపలే కూర్చుంటాను, మనిషి కూర్చున్నాక అది నిలిపిన కారెట్లా అవుద్ది అని వాళ్ళిద్దరినీ పంపేశాను. కాసేపటికి యూనిఫాం వేసుకున్నతను వచ్చాడు. అద్దం దించి ఈ న్యాయమంతా తెలుగులో విడమర్చి చెప్పాను. ఎంత మర్యాదస్తుడో, గుండె మీద చెయ్యి పెట్టుకుని తల వంచాడు. ఒప్పుకున్నాడనుకున్నాను. ఫోటో తీస్తుంటే కొంగు సర్దుకుని నిటారుగా కూర్చున్నాను కూడా. ఆ ఫోటోకి పడిన ఖరీదుకి గుంటూరులో ఇంటిల్లిపాదీ స్టూడియోకి పోయి పటం కట్టించుకోవచ్చు.

ఊరికొచ్చాక జరిగిందే మొదట చెప్పిన గొడవ. తగ్గిస్తారని నాకు అంత ధీమా ఎందుకంటే, మా పక్కింటి వెంకట్రావు సంగతి నేను కళ్ళారా చూశాను. హెల్మెట్ లేకుండా స్కూటరు మీద తిరిగి బోలెడు చలానాలు మూటగట్టుకున్నాడు. కట్టకుండా కూర్చున్నాడు. ఒక రోజు సర్కారు వాళ్ళే సగానికి పైగా కొట్టేస్తున్నామన్నారు. కట్టి చక్కా వచ్చి, ముందే కట్టినవాళ్ళని చూసి నవ్వాడు. మేము మిరప రైతులం. ధర బాగోకపోతే బస్తాలు కోల్డ్ స్టోరేజీలో పెట్టి మంచి రోజు కోసం ఆగుతాం. ఆ జరిమానాల్ని కూడా నేను కోల్డ్ స్టోరేజీలో పెట్టాను. అంతే.

మస్తాన్‌కి ఫోను చేసి నేనే చెప్పాను, తొందరపడి కట్టమాక, తగ్గించాక మొత్తం నేనే పంపిస్తానని. "మీ వీలు చూసుకోండి పెద్దమ్మా" అన్నాడు. వింటున్నావా అన్నట్టు పద్మ వైపు చూశాను. ఆ తరవాత వాడు ఆ మాట ఎత్తలేదు. ఎత్తలేదు కాబట్టి నేనూ మర్చిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే అదే ఎక్కువ గుచ్చుకుంటుంది. మర్చిపోయే వీలు నాకే ఉంది గాని, వాడికి లేదు.

పత్తి అయిపోయింది. మిరపకాయతో కల్లం ఎర్రబారింది. మస్తాన్ కూతురు నూర్జహాన్ నిఖా రోజు వచ్చింది. మస్తాన్ రాలేదు. సెలవు ఇవ్వలేదని బీబీజాన్ అందరికీ చెప్పుకుంటోంది. సొంత కారు నడుపుకునేవాడికి సెలవు ఎవరివ్వాలి అని నాకు అప్పుడైనా తట్టలేదు. పందిట్లో ఎవరో సెల్లులో వాడికి వీడియో కాల్ కలిపి అందరికీ చూపిస్తున్నారు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని, ఎక్కడో మేడల మధ్య నిలబడి కూతుర్ని చూస్తున్నాడు. ఆ సెల్లు నా చేతికొచ్చింది. నా చేతికొస్తే నేను ఊరుకుంటానా? పందిరంతా వినేలా దులిపేశాను.

"ఏరా, కన్న కూతురి నిఖాకి రాలేనంత సంపాదనా? డబ్బు మీద అంత ఆశేంట్రా నీకు?"

వాడు "తప్పైంది పెద్దమ్మా" అన్నాడు.

పద్మ నా చేతిలో సెల్లు లాక్కుని ఎవరికో ఇచ్చి, నన్ను పందిరి వెనక్కి తీసుకుపోయింది. ముందు రోజే వాడినడిగి విషయమంతా లాగిందట. జరిమానాలు కట్టందే కారు కాగితాలు రాసేది లేదన్నారు. గడువు దాటిపోయింది. కారు మూలపడింది. క్యారియర్ల పని ఇంకొకడికి పోయింది. ఆఖరికి విమానం టిక్కెట్టుకని దాచుకున్నదంతా తీసి కట్టి కారు విడిపించుకున్నాడు. పెద్దమ్మ ఆగమంది కదా అని మమ్మల్ని అడగలేదు. ఇదంతా పద్మ కోపంగా చెప్పి ఉంటే నేను ఎదురు తిరిగేదాన్ని. అది చాలా నెమ్మదిగా చెప్పింది.

వాడికి రావలసినదంతా ఆ రోజే పంపాను. పైసా తగ్గించమని అడగలేదు. నా జీవితంలో బేరమాడకుండా ఇచ్చిన డబ్బు అదొక్కటే. ఏం లాభం, నిఖా రెండోసారి చెయ్యరు కదా.

బీబీజాన్‌కి మాత్రం చెప్పలేకపోయాను. చుట్టాలున్నారనీ, అలిసిపోయి ఉంటుందనీ సాకులు వెతుక్కున్నాను. పెళ్ళి సందడి తగ్గి అది పనిలోకి వచ్చిన సాయంత్రం, మిగతా కూలీలు వెళ్ళాక ఆపి, మొత్తం చెప్పేశాను. ఎర్ర దారి, రానూపోనూ, కోల్డ్ స్టోరేజీ, అన్నీ. నవ్విద్దేమోనని ఆశ కూడా పడ్డాను. అది చేతులకంటిన కారం దులుపుకుంటూ విన్నది.

"నీ మాట వాడు తీసెయ్యలేడక్కా. నువ్వది ఎరుగుదువు" అని వెళ్ళిపోయింది.

కల్లంలో మిరప రాశి ముందే నిలబడి ఒట్టు వేసుకున్నాను. కారెక్కితే నోట్లో తమలపాకు కుక్కుకు కూర్చుంటాను. పక్కన బంగారు రేకులు పరిచిన దారి ఖాళీగా ఉన్నా అటు తల తిప్పను. ఇంకొకరి పేరున పడిన జరిమానాని ధర కోసం నిలవ పెట్టను. ఏ దేశపు సర్కారునీ దయ తలచమని అడగను. ఇంత గంభీరమైన ఒట్టు వినడానికి అక్కడ మిరపకాయలు తప్ప ఎవరూ లేరు.

మర్నాడు పొద్దున బీబీజాన్ వేళకే వచ్చింది. నాకు ఎదురుగా ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుంది. పనిలో కబుర్లు వద్దని ఇన్నేళ్ళూ దాని మీద కేకలేసింది నేనే. ఆ రోజు అది ఒక్క మాట మాట్లాడలేదు. సాయంత్రం తూకం వేస్తే తొడిమలు తీసిన కాయ మామూలు కన్నా బాగా ఎక్కువ తేలింది.